తిండి గిన్నెను పక్కన పెడితే కుక్క గోల తగ్గుతుంది

సంపాదకులకు,

నెల్లూరు నగరంలో అపార్ట్‌మెంట్లతో పాటు వాటిలో పెంపుడు కుక్కలూ పెరిగాయని, యజమానులు ఉద్యోగాలకు వెళ్లిపోయాక అవి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంటున్నాయని, వాటిని భవనాల్లో ఉండనివ్వకుండా నిషేధించాలని కోరుతూ ఒక పాఠకుడు రాసిన లేఖను మీ పత్రికలో ఇటీవల చదివాను. ఆయన బాధ నిజమైనదే. పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంటివారికి, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోవలసిన వారికి గోడ అవతలి మొరుగుడు ఎంత నరకమో నాకు తెలుసు. అయితే కుక్కను పెంచుకోరాదని నివాసుల సంఘాలు ఆంక్ష పెట్టడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పి ఉన్నందున, ఆయన కోరిన నిషేధం నిలిచేది కాదు. దానికన్నా తేలికైనది, దాదాపు ఖర్చు లేనిది ఒక పని ఉంది. కుక్కకు రోజూ పెట్టే తిండినే గిన్నెలో పోసి ముందు పెట్టేయకుండా, అది వెదికి, దొర్లించి, నాకి, లాగి సంపాదించుకునేటట్లు పెట్టడం. పశుసంవర్ధక శాఖలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాణ్ణి గనుక, ఈ సంగతి కొంత వివరంగా రాయడానికి అనుమతించగలరు.

పెంపుడు కుక్కకు రోజెలా గడుస్తుందో చూస్తే అది ఎందుకు అరుస్తుందో బోధపడుతుంది. ఉదయం హడావిడిగా కిందికి తీసుకెళ్లి, దాని పని కాగానే పైకి తెస్తారు. గిన్నెలో పోసిన డాగ్ ఫుడ్‌నో పాలన్నాన్నో అది రెండు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. తలుపుకు తాళం పడుతుంది. ఇక సాయంత్రం వరకు దానికి చేయడానికి ఏమీ ఉండదు. వేటకు, కాపలాకు, మంద తోలడానికి వేల ఏళ్లుగా మనిషి వెంట తిరిగిన జంతువుకు ఇంత తీరిక వరం కాదు. అందుకే లిఫ్టు చప్పుడైతే మొరుగుతుంది, దిండ్లు చింపుతుంది, చెప్పులు కొరుకుతుంది, తన ముందు కాలిని తానే పుండు పడేదాకా నాక్కుంటుంది. ఈ చివరిదానికి మందు రాయించుకోవడానికి జనం ఆసుపత్రికి వచ్చేవారు. మిగతా వాటికి ఇంట్లోనే కర్ర వాడేవారు. (చర్మవ్యాధి వల్ల, అలర్జీ వల్ల కూడా కుక్కలు కాళ్లు నాక్కుంటాయి గనుక ముందు డాక్టరుకు చూపించడమే సరైనది.)

ఇప్పుడు వీధిలో యజమాని అంటూ లేని కుక్కను గమనించండి. ట్రంకు రోడ్డు పక్కన ఎవరో పారేసిన బిర్యానీ పొట్లం దొరికితే అది వెంటనే మింగదు. ముందు చుట్టూ తిరిగి వాసన పడుతుంది. ముందు కాలితో పొట్లాన్ని నేలకు అదిమిపట్టి, మునిపళ్లతో రబ్బరు బ్యాండును కొసకు లాగి తెంపుతుంది. పైన ఉన్న మెతుకులు అయిపోయాక, వెండికాగితం మడతల్లో ఇరుక్కున్న మెతుకు కోసం కాగితాన్ని తిరగేసి, మరో కాలితో పరిచి, నాలుకతో గీకుతుంది. ఆ చిన్న పొట్లం దానికి పావుగంట పని. ఆ తర్వాత చెట్టు కింద పడుకుని నిద్రపోతుంది. వీధి కుక్క బతుకు సుఖమైనదని నేననడం లేదు. దానికి జబ్బులు, దెబ్బలు, ఆకలి అన్నీ ఉన్నాయి. కానీ ముక్కుకు, కాలికి, నాలుకకు పని చెప్పే ఆ పావుగంట మన ఇంట్లోని ఖరీదైన కుక్కకు లేదు.

జంతువులు తిండి కోసం పనిచేయడానికి ఇష్టపడతాయన్న మాట కొత్తదేమీ కాదు. ఎదురుగా గిన్నెలో ఉచితంగా తిండి ఉన్నా, మీట నొక్కి సంపాదించుకునే తిండి వైపు ఎలుకలు మొగ్గుతాయని గ్లెన్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త 1963లోనే చూపించారు. కుక్కలన్నీ అలాగే గిన్నెను కాదని, తిండి కూరిన బొమ్మ వైపే పోతాయని చెప్పలేం. చాలా కుక్కలు బొమ్మలోదీ తింటాయి, గిన్నెలోదీ తింటాయి. కాని పని దొరికితే వాటి తీరు మారుతుందన్నది మాత్రం పరిశీలనల్లో తేలింది. కెన్నెళ్లలో, అంటే కుక్కలను ఉంచే శాలల్లో ఉన్న కుక్కలకు తిండి కూరిన రబ్బరు బొమ్మలిచ్చి నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో వాటి కదలిక పెరిగింది, మొరగడం తగ్గింది. 2019లో వెలువడిన మరో అధ్యయనంలో, రెండు వారాల పాటు ముక్కుతో వెదికే ఆట ఆడిన కుక్కలు, యజమాని పక్కన బుద్ధిగా నడవడం సాధన చేసిన కుక్కల కన్నా, లోపల తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు ఎక్కువ ఉత్సాహంగా వెళ్లాయి. అంటే వెదుకులాట ఆ పూటకు కాలక్షేపంగా మాత్రమే మిగలలేదు, వాటిలో ఆశను కూడా పెంచింది.

ఇందుకోసం తయారైన బొమ్మలు ఇప్పుడు మన ఊళ్లలోని పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. దొర్లిస్తే గింజ గింజగా తిండి రాల్చే బంతులు కొన్ని, మూతలు జరిపితే గుంతల్లోని తిండి బయటపడే పలకలు కొన్ని, లోపల తిండి కూరి ఇచ్చే బోలు రబ్బరు బొమ్మలు కొన్ని. ఈ మూడో రకంలో పేరుపడిన కాంగ్ బొమ్మ పుట్టుక ముచ్చటైనది. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన పెంచుకున్న జర్మన్ షెపర్డ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటుంటే, ఆయన వోక్స్‌వాగన్ వ్యాను కింద ఉండే ఒక రబ్బరు భాగాన్ని దాని ముందు వేశారట. కుక్క రాళ్లు వదిలి దాన్ని పట్టుకుంది. 1976లో మొదలైన ఆయన కంపెనీ ఆ ఆకారంలోనే బొమ్మలు చేసింది. ఈ బొమ్మల ధర వందల్లో మొదలై వెయ్యి దాటుతుంది. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు, మంచి రబ్బరుదైతే ఏళ్ల తరబడి ఆగుతుంది. కొనలేనివారు మానుకోవలసిన పని కాదిది.

మన వంటింట్లో మూలన పడి ఉన్న గుంత పొంగణాల పెనం ఇందుకు అచ్చంగా సరిపోతుంది. కుక్క తినే తిండిని కొద్ది కొద్దిగా గుంతల్లో వేసి, పిల్లలు ఆడి వదిలేసిన టెన్నిస్ బంతులను ఒక్కో గుంత మీద మూతలా ఉంచాలి. మొదటి రోజు రెండు మూడు గుంతల మీదే బంతులు పెట్టాలి, మిగతావి తెరిచి ఉంచాలి. తెరిచి ఉన్న గుంతలను నాకేశాక కుక్క ఆగి, బంతిని వాసన చూసి, ముక్కుతో తోస్తుంది; అది దొర్లి పక్క గుంత మీదికి పోతుంది. కొన్ని బంతిని నోట కరిచి, పక్కకు మోసుకెళ్లి జాగ్రత్తగా కింద పెట్టి వస్తాయి. మరికొన్ని పెనాన్నే బోర్లా తోసేస్తాయి. అదీ తెలివే, కాదనడానికి లేదు. అలాంటి వాటికి పెనాన్ని పిడుల దగ్గర బరువు పెట్టి కదలకుండా చేయాలి. పెద్ద కుక్కలకు చిన్న బంతులు మాత్రం వద్దు, గొంతులో అడ్డుపడతాయి.

పాత తుండుగుడ్డను పరిచి, దాని మీద తిండి చల్లి, చాపలా చుట్టి ఇవ్వడం ఇంకా తేలిక. కొన్నాళ్లకు అది అలవాటయ్యాక చుట్టను వదులుగా ముడివేయవచ్చు. గోనెసంచిని పీలికలుగా కత్తిరించి రబ్బరు డోర్‌మ్యాట్ రంధ్రాల్లో దట్టంగా ముడివేస్తే, గడ్డిలో వెదికినట్లు ముక్కుతో వెదికే చాప తయారవుతుంది. పెట్ షాపులో దానికే పెద్ద ధర. ఖాళీ నీళ్ల సీసాకు పక్కల నాలుగైదు రంధ్రాలు చేసి డాగ్ ఫుడ్ పోస్తే దొర్లే బొమ్మ. మూతను, మూత కింద మిగిలే ప్లాస్టిక్ ఉంగరాన్ని ముందే తీసేయాలి. కుక్క ఆ సీసాను దొర్లించడం మాని నమలడం మొదలుపెట్టగానే దాన్ని తీసుకోవాలి. సీసా, గుడ్డ, గోనె ఈ మూడూ మనిషి ఎదుట ఉన్నప్పుడు ఇవ్వవలసినవే తప్ప తాళం వేసి వెళ్లేటప్పుడు వదిలి వెళ్లవలసినవి కావు. దారప్పోగులు పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఇవ్వడానికి మన్నికైన రబ్బరు బొమ్మే నయం, అది కూడా ముందు కొన్నాళ్లు మన కళ్లెదుట వాడి, కుక్క దాన్ని ముక్కలు చేయడం లేదని తేల్చుకున్నాక.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గిన్నెలో పెట్టేది గిన్నెలో పెట్టి, ఆపైన బొమ్మలో బిస్కెట్లు కూరుతారు. అలా చేస్తే కుక్కకు ఆకలి ఉండదు, పనిచేయదు, ఒళ్లు మాత్రం పెరుగుతుంది. రోజు తిండిని ఉదయమే కొలిచి ఒక డబ్బాలో పోసుకుని, బొమ్మలోకి పోయేదంతా ఆ డబ్బాలోంచే తీయాలి. చిరుతిండి అనేది ఏదైనా రోజు మొత్తం మీద పదో వంతు మించరాదన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. లాబ్రడార్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో కొంత భాగం లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకు లోపించి ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో కనుగొన్నారు. ఎంత తిన్నా ఇంకా కావాలని అది మన ముఖంలోకి చూస్తుంటే దాని తప్పు కాదు, కాని పెట్టడం మన తప్పు. అటువంటి కుక్కకే ఈ బొమ్మలు ఎక్కువ మేలు చేస్తాయి, ఎందుకంటే అదే తిండి రెండు నిమిషాల్లో కాక అరగంటలో కడుపులోకి పోతుంది. పెద్ద జాతుల కుక్కలు గబగబా మింగితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది గనుక, నెమ్మదిగా తినడం వాటికి ప్రాణరక్షణ కూడా.

మొదలు ఎప్పుడూ తేలికగా ఉండాలి. తెచ్చిన రోజే తిండిని గట్టిగా కూరి ఇస్తే కుక్క రెండుసార్లు ప్రయత్నించి, విసుగెత్తి, బొమ్మను వదిలేసి మళ్లీ తలుపు దగ్గరికే పోయి మొరుగుతుంది. మా కుక్కకు ఇది సరిపడలేదని యజమాని తీర్పు చెబుతాడు. మొదట వదులుగా, తగలగానే రాలేటట్లు నింపాలి. దానికి కిటుకు తెలిశాక గట్టిపరచాలి.

మన జిల్లా వాతావరణం కూడా ఈ పద్ధతిని కోరుతోంది. రోహిణి కార్తెలో నెల్లూరు రోడ్ల మీద కుక్కను నడిపించడమంటే దాని పాదాలను పెనం మీద పెట్టడమే. మన అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను దాని మీదికి తీసుకెళ్లకూడదు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దానికి ప్రధానమైన చల్లదనం. పగ్ వంటి చప్పిడిముక్కు కుక్కలకు ఆ వగర్పు కూడా సరిగా సాగదు. ఆ రోజుల్లో ఉప్పు వేయని పెరుగన్నాన్ని రబ్బరు బొమ్మలో కూరి, రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో ఉంచి మధ్యాహ్నం ఇస్తే, అది గడ్డకట్టిన అన్నాన్ని నాకుతూ గచ్చు మీద చాలాసేపు పడుకుంటుంది. నాకడం కుక్కను శాంతపరుస్తుంది కూడా. ఇక ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి గడప దాటే వీలుండదు. అప్పుడు ఇంట్లోని గదులే దానికి ఊరు. డాగ్ ఫుడ్ గింజలను మంచం కోళ్ల వెనక, తలుపు మూలల్లో, మెట్ల మీద దాచి వెదకమంటే, వాసన పట్టుకుని ఇల్లంతా గాలించి అలసిపోతుంది. దీపావళి టపాసుల రాత్రికి కూడా గడ్డకట్టిన బొమ్మ కొంత ఊరట.

బొమ్మలో ఏం పెట్టాలన్నది మన ఇళ్లలో అసలైన చిక్కు. మిగిలిన కూర అన్నం కలిపి పెట్టడం మన అలవాటు. ఆ కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ప్రమాదకరమైనవి. వేరుశనగ వెన్న పెట్టేవారు డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చదివి మరీ పెట్టాలి, అది కొద్దిగా పడినా ప్రాణం మీదికి వస్తుంది. ఉడికించిన కోడి ఎముకలు చీలి గుచ్చుకుంటాయి. వీటన్నిటికీ బదులు రాగి సంకటి, ఉడికించిన గుడ్డు, చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్, మసాలా లేకుండా ఉడికించి ఎముక తీసిన కోడిమాంసం ఉన్నాయి. సంకటి అయితే బొమ్మ లోపలి గోడలకు బాగా అంటుకుని, అంత సులభంగా ఊడిరాదు. గడ్డకట్టించే అవసరమే లేకుండా అరగంట పని పెడుతుంది. నా ఓటు సంకటికే.

బోలు బొమ్మకు రెండు వైపులా రంధ్రం ఉండాలి. ఒకే రంధ్రమైతే లోపల గాలి పీల్చుకుపోయి కుక్క నాలుక ఇరుక్కుపోవచ్చు. బొమ్మ మీద బొటనవేలి గోరు నొక్కితే కొంచెమైనా దిగాలి. దిగకపోతే అది పళ్లు విరగ్గొట్టే గట్టిది. ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరు గదుల్లో ఇవ్వాలి, బొమ్మతో ఉన్న కుక్క దగ్గరికి పసిపిల్లలను పోనివ్వకూడదు. వాడాక సీసాలు కడిగే బ్రష్‌తో వేడినీళ్లలో కడగకపోతే పెరుగు పులిసిపోతుంది, సోఫా కిందికి చీమల బారు కడుతుంది, ఇంటావిడ బొమ్మను కుక్కతో సహా బయటికి పంపుతుంది.

బొమ్మ నడకకు బదులు కాదు, మనిషి తోడుకు బదులు అసలే కాదు. యజమాని గడప దాటగానే వణికి, చొంగ కార్చి, తలుపు గీరే కుక్కది విసుగు కాదు, భయం. అది ఎంత ఇష్టమైన తిండినైనా సాధారణంగా ముట్టదు. వెళ్లేటప్పుడు పాత ఫోను కెమెరా పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. విసుగు కుక్క బొమ్మ ఖాళీ చేసి పడుకుంటుంది. భయపడే కుక్క దగ్గర బొమ్మ నింపింది నింపినట్లే ఉంటుంది. రెండోదాన్ని పశువైద్యుడికి చూపించాలి.

నగరంలోని కుక్కల గురించి ఇంత రాసి పల్లెల్లోని వాటి గురించి రాయకపోవడం న్యాయం కాదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో రొయ్యల గుంటల గట్ల మీద మోటారు షెడ్డు స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంచే కాపలా కుక్కలను చూడనివారుండరు. గొలుసు చేరినంత మేర మట్టి నున్నగా అరిగి వలయం పడి ఉంటుంది. ఆ వలయమే దాని ప్రపంచం. రాత్రి దొంగ వస్తే అరవాలని దాన్ని పెంచుతారు, అది పగలంతా నీళ్లను చిలికే ఏరేటర్ యంత్రాల మోతకు, కొంగలకు అరిచి రాత్రికి డస్సి పడుకుంటుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం కూడా నేరమే. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్ల కిందట అది సొమ్మే, ఇప్పుడు రెండు టీల ఖర్చు. చట్టాన్ని చూపి రైతును భయపెట్టడం వల్ల లాభం లేదని నా అనుభవం. అతని లాభం చూపి చెప్పాలి. తెల్లవారాక మనిషి గట్టు మీద ఉండే సమయంలో కుక్కను విప్పి, దానికి పెట్టే సంకటినే ముద్దలుగా చేసి గట్టు పొడవునా గడ్డిలో అక్కడక్కడ వేస్తే, ఉప్పు పట్టించని ఎండు నెత్తళ్లు నాలుగు చల్లితే, అది గంటసేపు గట్టంతా ముక్కుతో గాలించి వచ్చి పగలు నిద్రపోతుంది, రాత్రి మెలకువగా ఉంటుంది. గట్టు మీద కొత్త వాసన ఏదైనా ఉంటే ముందుగా పసిగట్టేది కూడా రోజూ ఆ గట్టును గాలించే కుక్కే.

మూతలు జరిపే పలక బొమ్మలను స్వీడన్‌లో నీనా ఓటోసన్ అనే మహిళ 1990లలో ప్రచారంలోకి తెచ్చారు. మన ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే చేతులకు అటువంటి పలక చేయడం పెద్ద పని కాదు. రంగు, వార్నిష్ లేకుండా, పెచ్చులూడని చెక్కతో చేస్తే కొనేవారు ఇక్కడే ఉన్నారు. హస్తకళల అభివృద్ధి సంస్థ ఆ కోణంలో ఆలోచించాలని కోరుతున్నాను.

పశుసంవర్ధక శాఖకు ఒక విన్నపం. ప్రతి ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. జిల్లాలో కుక్కలను పెంచేవారు అంతమంది ఒకచోట చేరే రోజు మరొకటి లేదు. వరుసలో నిలబడినంతసేపు కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతూనే ఉంటాయి. ఆ రోజున ఆవరణలో ఒక మూల పొంగణాల పెనం, తుండుగుడ్డ, రబ్బరు బొమ్మ పెట్టి, వచ్చిన కుక్కలతోనే ఒక్కొక్కటిగా, దూరదూరంగా ఉంచి చేసి చూపించాలి. ఏమేం పెట్టరాదో తెలుగులో అచ్చువేసిన కాగితాన్ని టీకా కార్డుతో పాటు యజమాని చేతికివ్వాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు ఆ కాగితాన్నే లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకు అంటించవచ్చు. మొదట లేఖ రాసిన పాఠకుడు కూడా తన పొరుగింటివారికి ఫిర్యాదుకు ముందు దీన్ని ఇచ్చి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
పశుసంవర్ధక శాఖ విశ్రాంత ఉద్యోగి,
వేదాయపాళెం, నెల్లూరు.